గట్టు మీది ప్రెసిడెంటు

స్వరాజ్యం వచ్చిన కొత్తలో మా ఆత్మకూరు కుర్రాళ్ళం తెరచాప పడవల క్లబ్బు పెట్టుకున్నాం. పడవల్ని మేమే మోసేవాళ్ళం, మేమే బాగుచేసుకునేవాళ్ళం. మా ప్రెసిడెంటు మాత్రం అనంతసాగరం చెరువు గట్టు మీద కుర్చీ వేసుకుని, "గాలిని పట్టుకోండిరా!" అని అరిచేవాడు.

ఉదయగిరి వాళ్ళతో అవతలి గట్టు దాకా పోయి వచ్చే పందెం నాడు నా జతగాడికి జ్వరం వచ్చింది. ఇద్దరు లేని పడవను పందెంలోకి రానివ్వరు. గత్యంతరం లేక ప్రెసిడెంటునే ఎక్కించాను. చెరువు మధ్యకు పోగానే ఆయన తెరచాప కొయ్యను వాటేసుకున్నాడు.

"అబ్బయా, నాకు ఈత రాదు! వెనక్కి తిప్పరా!"

తిప్పాను. ఓడిపోయాం. ఆయన మాత్రం ఒడ్డున దిగి, తడిసిన పంచె పిండుకుంటూ ఉదయగిరి వాళ్ళను నిలదీశాడు.

"ముందు ఒడ్డుకు ఎవరు వచ్చినారో చూసినారు గదా?"

ఆ మాట అనగల మనిషి మాలో ఇంకొకడు లేడని, మరుసటి ఏడూ ఆయన్నే ప్రెసిడెంటుగా ఎన్నుకున్నాం.