తుప్పు పట్టని కత్తి

జవంద్ సింగ్ సానరాయి ఎక్కని కత్తి మా ఎమీనాబాద్‌లో లేదు. లాహోరులో మా సిక్కు మహారాజు దర్బారు వెలిగిన రోజుల్లో గుర్రపు దళాలవాళ్లు అతని వాకిట్లో బారులు తీరేవారు. పక్కనే నా గానుగ. కత్తులకు రాసే ఆవనూనె నా దగ్గరే కొనేవాడు. సానరాయి గరగరలు వింటూనే నా జుట్టు నెరిసింది.

తరవాత సట్లెజ్ ఒడ్డున సబ్రావ్ దగ్గర తెల్లవాళ్ల చేతిలో మా సేన ఓడింది. పెద్ద సర్దార్లు తమ జాగీర్లు చూసుకున్నారు, చచ్చినవాళ్లంతా మామూలోళ్లే. జవంద్ ఒక్కగానొక్క కొడుకు జైమల్ ఏటిలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. ఒడ్డున పడిపోయిన కత్తి మాత్రం తోటి సిపాయి ఒకడు తెచ్చిచ్చాడు. మూడేళ్లకు రాజ్యమే పోయింది. ఆయుధాలన్నీ ఠాణాలో అప్పగించాలని, దాచితే జైలని దండోరా వేశారు.

నేను మా నాన్న కత్తిని పొలంలో పాతిపెట్టాను. ఊళ్లో సగం మంది చేసింది అదే.

"నువ్వూ పాతెయ్యి అన్నా, ఎవడొచ్చి తవ్వుతాడు?" అన్నాను.

"నా కొడుకు కత్తిని మట్టిలో పెట్టమంటావా? తుప్పు తినేయదూ?"

"తింటే తిననీ! ఇప్పుడెవరి మీదికి యుద్ధానికి పోతావు?"

అతని భార్య బిషన్ కౌర్ లోపల్నుంచి అందుకుంది. "నీకేం మరిదీ, ఎన్నైనా చెప్తావు. నీ గానుగెద్దునెవరూ అప్పగించమనలేదుగా!"

కత్తిని ఇంటి దూలం మీద దాచాడు జవంద్. ఊరుకుంటే బాగుండేది. నాలుగు రోజులకోసారి దించడం, తుడవడం, నూనె రాసి మళ్లీ పెట్టడం. సానరాయి ఆగిపోయిన ఇంటికి అంత నూనె దేనికో నాకు తెలుసు. తెలిసీ కొలిచి పోశాను. ఆ తప్పు నాదే.

అయిదేళ్ల తరవాత ఒక వేసవిలో జనాభా రాసుకోవడానికొచ్చిన ఠాణా జవాను బిషన్ కౌర్ ఇచ్చిన మజ్జిగ తాగుతూ తలెత్తాడు. దూలం కింద గోడ మీద నల్లటి జిడ్డుచార.

"ఏం పెద్దాయనా, మీ దూలానికి చెమటలు పడుతున్నాయే?" అన్నాడు.

కత్తి దించితే అద్దంలా మెరిసింది. ఠాణా ముందు కమ్మరి దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టారు. అంత తేలిగ్గా విరగలేదది. నాలుగో దెబ్బకు విరిగింది. దెబ్బ దెబ్బకూ జవంద్ భుజాలు అదిరాయి. ఆర్నెల్లు జైలు వేశారు.

తిరిగొచ్చాక అతను సానరాయి ముట్టలేదు. ఆ ఏడు దుక్కిలో నా నాగలికి మా నాన్న కత్తి తగిలింది. ఎర్రగా, పెచ్చులు పెచ్చులుగా, పట్టుకుంటే రాలిపోతోంది. సిగ్గేసి గట్టు మీద పడేశాను. అటుగా వచ్చిన జవంద్ దాన్ని చూసి ఆగాడు. వంగి రెండు చేతులా ఎత్తుకుని, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు.

"పాతిపెట్టుంటే మావాడిదీ ఇలాగైనా ఉండేది తమ్ముడూ," అన్నాడు.

"నూనె తెచ్చేదా అన్నా, తుడుద్దువు?" అన్నాను.

"వద్దురా," అన్నాడు. "దీన్నిలాగే ఉండనీ."