ఏడో రోజు తీసిన నాలుగు చుక్కలు

ఆరేళ్ల కిందటి ఎండాకాలం. అప్పటికి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా నాకు పదకొండేళ్లు నిండాయి. మాది బాపట్ల వైపు. పెళ్లయ్యాక వనస్థలిపురంలో స్థిరపడ్డాం. ఎవరికైనా నరం దొరకకపోతే డాక్టర్లు నన్నే పిలిపించేవారు. అందుకు నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

రక్తపరీక్ష అనగానే అందరికీ సూది, సీసా గుర్తొస్తాయి. పసిపిల్లలకు మేం చేసే ఒక పరీక్షకు సీసా అక్కర్లేదు. పుట్టిన మూడో రోజున మడమ పక్కన లాన్సెట్‌తో, అంటే ఒక్కసారి గుచ్చి తిరిగి తన గొట్టంలోకి వెళ్లిపోయే చిన్న ములుకుతో, పొడుస్తాం. మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి చుక్కల్ని ఫిల్టర్ పేపర్ కార్డు మీద అచ్చువేసిన గుండ్రాల్లో పడనిస్తాం. వాటినే డ్రైడ్ బ్లడ్ స్పాట్స్ అంటారు. ఆరిన కార్డును కవర్లో పెట్టి పెద్ద ల్యాబ్‌కి పంపితే, పైకి కనిపించని కొన్ని పుట్టు జబ్బుల్ని వాళ్లు అందులోంచి పట్టుకుంటారు. పనితనమంతా చుక్కలోనే ఉంది. ఒక్కో గుండ్రానికి ఒకే పెద్ద చుక్క పడాలి, అది కాగితం వెనక దాకా ఇంకాలి. చుక్క మీద చుక్క వేస్తే రక్తం ఒకచోట పేరుకుని ఫలితం తప్పుతుంది.

కొత్తగా చేరినవాళ్లకు ఇదంతా నేర్పేది నేనే. ఆ రోజు తప్పు చేసిందీ నేనే.

మౌనిక అనే అమ్మాయికి తొలి కాన్పు. భర్త శ్రీశైలం చీరల షోరూమ్‌లో సేల్స్‌మన్. డిశ్చార్జి రోజున సామాన్లు ఆటోలోకి చేరాక, పాపకు ఈ పరీక్ష కాలేదని ఎవరికో గుర్తొచ్చింది. నేను వెళ్లేసరికి పాప కాలు చల్లగా ఉంది. వెచ్చని గుడ్డ చుట్టి నాలుగైదు నిమిషాలు ఆగాల్సింది, ఆగలేదు. రక్తం సరిగ్గా రాలేదు. మడమ నొక్కి, వచ్చిన చిన్న చిన్న చుక్కల్నే ఒకదాని మీద ఒకటి వేసి గుండ్రాలు నింపేశాను. పైకి బాగానే కనిపించింది. వెనక్కి తిప్పి చూడలేదు.

పాపకు ఆరో రోజున ల్యాబ్ నుంచి ఫోను. కార్డు పనికిరాదు, మళ్లీ తీసి పంపమన్నారు. శ్రీశైలానికి ఫోన్ చేశాను. పాప మంచిగా ఉందనీ, డాక్టరు కూడా చూశారనీ, ఇరవై ఒకటో రోజు పేరు పెట్టేదాకా బయటికి తీసుకురాబోమనీ, ఆ తర్వాత చూద్దామనీ అన్నాడు. మా సూపర్‌వైజర్‌కి చెప్తే, తల్లిదండ్రులు ఒప్పుకోలేదని రాసి మూసేయమంది. రూలు ప్రకారం అందులో తప్పు లేదు.

ఇలాంటి కార్డుల్లో చాలావరకు ఏ జబ్బూ ఉండదని నాకు తెలుసు. కానీ ఉంటే, కొన్నింటికి మందు మొదటి రెండు వారాల్లోనే మొదలవ్వాలి. ఆలస్యమైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అదీ నాకు తెలుసు. ఆ సాయంత్రం మా పిల్లల డాక్టరుగారి అనుమతి తీసుకున్నాను. మర్నాడు నాకు సెలవు. కిట్టు సంచిలో వేసుకుని మన్సూరాబాద్‌లోని వాళ్లింటికి బయల్దేరాను. ఆటోలో కూర్చుని, మొదటి కార్డు దారిలో తడిసిపోయిందని చెబుదామా అని ఒకటికి రెండుసార్లు అనుకున్నాను. అలా చెప్తే ఎవరూ తప్పుపట్టరు.

గుమ్మంలో శ్రీశైలం తల్లి అంజమ్మ ఎదురైంది. పోచంపల్లి దగ్గరి ఊళ్లో ముప్పై ఏళ్లు నూలుకు రంగులద్దిన మనిషి. కొడుకు ఉద్యోగంతో పట్నం వచ్చింది. లోపలికి రమ్మనలేదు. ఒకసారి తీశాక మళ్లీ ఎందుకని అడిగింది. ఆమె మొహం చూశాక అబద్ధం నోట్లోంచి రాలేదు.

"అమ్మా, మొదటిసారి నేను సరిగ్గా తీయలేదండీ. తొందరపడ్డాను. తప్పు నాదే" అన్నాను.

శ్రీశైలం లోపల్నుంచి వచ్చాడు. "అంటె మీ తప్పుకు మా పోరి మల్ల ఏడ్వాల్నా మేడమ్?"

"అవునండీ" అన్నాను.

అంజమ్మ చెయ్యి చాపి, గా కాగితం జర చూపియ్యమంది. చూపించడానికి తెచ్చిన ఖాళీ కార్డు ఇచ్చాను. ల్యాబ్ వాళ్లు పంపిన ఫొటో కూడా ఫోన్లో చూపించి, ఎక్కడ రక్తం పేరుకుందో చెప్పాను. కార్డు అంచును వేళ్ల మధ్య రుద్ది చూసింది.

"నూలు గూడ గంతే బిడ్డా. నిదానంగ ముంచితె లోపటి పోగు దాంక ఎక్కుతది. మీద మీద అద్దితె పైననే నిలుస్తది." కొడుకు వైపు తిరిగింది. "తియ్యనియ్యి రా. తప్పు జేసినోళ్లు ఇంటిదాంక ఒచ్చి ఒప్పుకుంటరా ఎవలన్న?"

ఈసారి గోరువెచ్చని గుడ్డ పాప కాలికి చుట్టి, సరిపడా ఆగాను. అంజమ్మ పాపను ఒళ్లో నిలువుగా పట్టుకుంది. కాలు కిందికి ఉంటే రక్తం తేలిగ్గా దిగుతుంది. గుచ్చినప్పుడు పాప సన్నగా మూలిగిందంతే. "మా బంగారం ఏడ్వనే ఏడ్వదు. పాలకు గూడ మేమే లేపాలె" అంది ఆమె మురిపెంగా. నేను పాప కళ్లవైపు చూశాను. పసికందులకు వచ్చే కామెర్ల పచ్చదనం ఇంకా పోలేదు. జబ్బు చెప్పడం నా పని కాదు కాబట్టి ఏమీ అనకుండా, ఆ రెండు సంగతులూ ఫారంలో రాశాను. నాలుగు చుక్కలు, నాలుగు గుండ్రాలు. వెనక్కి తిప్పితే ముందువైపు ఎంత ముదురుగా ఉందో అక్కడా అంతే.

కార్డు గాలి విసురు తగలకుండా, చుక్కలకు ఏదీ అంటకుండా ఆరాలి. రెండు స్టీలు గ్లాసులు బోర్లించి కార్డు అంచులు వాటిమీద ఆనించాను. మౌనికనూ పాపనూ పక్క గదిలోకి పంపి, అంజమ్మే లేచి ముందుగదిలో ఫ్యాన్ బంద్ చేసింది. ఆ ఎండలో మూడు గంటలకు పైగా చెమటలు కక్కుకుంటూ ఇద్దరం దానికి కాపలా కూర్చున్నాం. మధ్యలో నాకు పప్పుచారుతో అన్నం పెట్టింది.

నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పనిచేయమని పురమాయించే హార్మోను, ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ పూటే డాక్టరుగారు వాళ్లను పిలిపించారు. నిర్ధారణ కోసం నరం నుంచి రక్తం నేనే తీశాను. పాప థైరాయిడ్ గ్రంథి దాదాపు పనిచేయడం లేదు. అంతగా నిద్రపోవడానికీ, ఏడవకపోవడానికీ, పచ్చదనం తగ్గకపోవడానికీ అదే కారణమని డాక్టరుగారు చెప్పారు. మౌనిక ఒక్కటే అడిగింది: "మాటలొస్తయా సార్, చదువుకుంటదా?" రోజూ మాత్ర తప్పకుండా వేస్తే అందరిలాగే పెరుగుతుందన్నారు ఆయన. పన్నెండో రోజున చిన్న మాత్ర నూరి, తల్లిపాలలో కలిపి, చెంచాతో పట్టారు.

వరండాలో అంజమ్మ నా పక్కన కూర్చుంది. "మా చెల్లె కొడుకు గూడ గిట్లనే ఏడ్వకపోతుండె. మంచి పోరడని మురిసినం. ఐదేండ్లొచ్చినా మాట రాలె" అంది. అది ఇదే జబ్బో కాదో నాకు తెలియదు. ఆమె లేచేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆ పాప పేరు అన్విత. ఇప్పుడు ఒకటో తరగతి. థైరాయిడ్ పరీక్షకు అప్పుడప్పుడు మా దగ్గరికే వస్తుంది. మొన్న వచ్చినప్పుడు తనే చొక్కా చెయ్యి పైకి మడిచి, డాక్టర్ సార్‌కి కూడా నువ్వే సూది వేస్తావా, ఆయన ఏడుస్తాడా అని ప్రశ్న మీద ప్రశ్న వేసింది. జవాబు చెప్పేలోపే ఇంకోటి. శ్రీశైలం తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు.

నా చేతిమీద నాకు నమ్మకం తగ్గలేదు. పసిపిల్లల దగ్గర చెయ్యి వణికితే ఈ పని సాగదు. కాకపోతే, ఎంత తిరిగిన చెయ్యి అయినా ఒకరోజు తప్పుతుందనీ, తప్పిన సంగతి ముందుగా తెలియాల్సింది పాప ఇంటివాళ్లకేననీ ఆ ఇంటి గుమ్మంలో నేర్చుకున్నాను. మా రిజిస్టర్లో, శాంపిల్ మళ్లీ ఎందుకు తీయాల్సి వచ్చిందో రాసే గడి ఒకటుంది. అందరూ 'రక్తం చాలలేదు' అని రాసేవాళ్లం. ఆ తర్వాత నావల్ల తప్పు జరిగిన రెండుసార్లూ అందులో 'తీసినవారి పొరపాటు' అని రాసి, కింద నా పేరు పెట్టాను.