బ్లూ కట్ అద్దాలు

రోజంతా మానిటర్ చూసి తలనొప్పి తెచ్చుకునే వాళ్ళందరిలాగే నేనూ బ్లూ కట్ అద్దాలు కొనుక్కున్నాను. గచ్చిబౌలి ఆఫీసుల్లో అవి లేని ముక్కు దొరకడం కష్టం. వాటి మీద నాకెంత గుడ్డి నమ్మకమంటే, శేరిలింగంపల్లి సందులో ఒక షెడ్డుకి వెల్డింగ్ నేర్చుకోవడానికీ అవే పెట్టుకుని వెళ్ళాను.

బాల్కనీలో మొక్కలకు ఇనుప స్టాండు నా చేత్తోనే చేయాలని పంతం. "కొంటే దొరికేదానికి ఈ చాకిరీ ఏంటే నీకు?" అన్నారు మా ఆయన. ఒకరు వద్దన్నాక మానేసే రకం కాదు నేను.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పెద్ద అతుకైతే మొహానికి ముసుగు. ముక్కలు కదలకుండా వేసే చిన్న చుక్క అతుకుని టాకా అంటారు. దానికి ముసుగు ఉండదు. మేస్త్రీ "కండ్లు!" అని కేకేస్తాడు, అందరూ టక్కున కళ్ళు మూస్తారు, ఆయనతో సహా. ముక్కలు పట్టుకుని నిలబడ్డ నేను మాత్రం మూయలేదు. అద్దాలున్నాయిగా! పైపెచ్చు చుక్క ఎక్కడ పడుతుందో చూద్దామని కళ్ళు ఇంకా పెద్దవి చేసుకున్నాను. మధ్యాహ్నం దాకా ఒక్క టాకా వదల్లేదు.

"శబాష్ మేడం, బెదరకుండ పట్టుకున్నవ్! ఇగ జల్దీ నేర్చుకుంటవ్," అన్నాడాయన. పొంగిపోయాను.

సాయంత్రం కోకాపేటలో మా ఫ్లాటుకొచ్చి టీ పెడుతుంటే కళ్ళల్లో ఇసుక పోసినట్టయింది. నీళ్ళు కొట్టుకుంటే ఇంకా మండింది. కాసేపటికి రెప్పలే తెరుచుకోలేదు. వేళ్ళతో విడదీస్తే పోటు, తెల్లటి మసక, అంతే.

"ఏమండీ, లైటు వేసే ఉందా?" అన్నాను.

"వేసే ఉందే, పద ఆస్పత్రికి," అంటూ ఆయన తాళాలు వెతికారు. కళ్ళు పోయాయనే అనుకున్నాను. రేపటి నుంచి నేనేం పని చేసుకుని బతకాలి?

కంటి ఆస్పత్రిలో డాక్టరమ్మ మందు చుక్కలు వేసింది. "వెల్డింగ్ వెలుగుకి కంటి పైపొర కమిలిందమ్మా. ఈ అద్దాలు కంప్యూటర్‌కే. పక్కల నుంచి దూరే వెలుగుని ఇవేం ఆపుతాయి? రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఏదీ, తెరువు."

తెరవాలంటే భయం. తెరిచాక ఏమీ కనపడకపోతే? మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని తెరిచాను. ఎదురు గోడ మీద మసకమసకగా అక్షరాలు. ఎవరూ అడక్కుండానే పైనుంచి బిగ్గరగా చదవడం మొదలుపెట్టాను. "చాలమ్మా, చాలు," అని డాక్టరమ్మ అంటూనే ఉంది. నేను ఆపలేదు. చివరి వరుస కనపడకపోయినా చదివేశాను.