మామయ్య చెక్కిన ఏడు రేకుల పువ్వు

మొన్న మా తిరువూరు చర్చి ముందు ఆగిన ఆటోలోంచి ఒకాయన ఏడడుగుల రాతి స్తంభాన్ని చంకన పెట్టుకుని, రెండో చేత్తో టీ గ్లాసు పట్టుకుని దిగేసరికి నాకు కళ్లు తిరిగినంత పనైంది. తీరా చూస్తే అది రాయి కాదట; గాజుపీచు, జిగురు, రాతిపొడి కలిపి అచ్చుపోసిన గుల్ల ఫైబరట. రంగు, గరుకు, వాన మరకలతో సహా అచ్చం రాయే! చేసిన చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది.

మా రోజుల్లో స్తంభమంటే ఊరి పని. నేను మా మేనమామ దగ్గర రాతిపనికి చేరిన కొత్తలో, ఇదే చర్చికి రెండు స్తంభాల రాయిని నలభై మందిమి తాళ్లు కట్టి గంపలగూడెం రోడ్డు మీదుగా మూడు రోజులు లాగాం. రాయి అరిగిందో లేదో గానీ, మేమంతా తలా ఒక అంగుళం పొట్టివాళ్లమయ్యాం. మామయ్య సుత్తితో తట్టి, ఖంగుమంటేనే ఉలి పెట్టేవాడు. పైన ఎనిమిది రేకుల పువ్వు చెక్కుతుంటే నేనేదో వెటకారమాడాను, ఆయన నవ్వాడు, ఒక రేకు ఎగిరిపోయింది. అది ఎక్కడో వినగడప ఊళ్లో పడిందని నా అనుమానం. ఆయన ఆ చోటు నున్నగా చేసి, పువ్వును ఏడు రేకులకు సర్ది, ఆ ముఖాన్ని గోడ వైపు తిప్పి నిలబెట్టి, ప్రాణం పోయినా నోరు విప్పొద్దన్నాడు. యాభై ఏళ్లు విప్పలేదు.

ఇప్పుడు ద్వారం వెడల్పు చేయడానికి ఆ స్తంభాన్నే పీకారు. కొత్త వరండా శ్లాబు మీద నిలబెట్టడానికి రాయి బరువు పనికిరాదని, దాని నుంచే అచ్చు తీసి పన్నెండు పోశారు. సంగతి తెలిసి ఎనభై దాటిన మామయ్య కర్ర పట్టుకుని వచ్చేశాడు. ఆయన పరువు ఏమవుతుందోనని నా గుండెల్లో రాయి పడింది, అదీ అసలు రాయే.

ఆయన పాత అలవాటు చొప్పున కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, స్తోత్రం చెప్పి స్తంభాన్ని ఎత్తాడు. అది దూదిమూటలా లేచేసరికి వెనక్కి వెళ్లి ఇసకకుప్పలో పడ్డాడు. స్తంభం పసిపిల్లలా ఆయన గుండెల మీద పడుకుంది. మామయ్య అలా పడుకునే ఉండి, వేళ్లతో రేకులు తడిమాడు.

"ఒరేయ్ అల్లుడూ, నా తప్పుని పన్నెండు చోట్ల అచ్చేశార్రా!"

"తప్పేంటండీ తాతగారూ? చేత్తో చెక్కిన గుర్తని మేమే ఉంచాం. వద్దంటే గోడ వైపు తిప్పేస్తాం" అన్నాడు ఫైబరు పనాయన.

మామయ్య ఇసక దులుపుకుంటూ లేచాడు. సుత్తి లేక వేలితో తట్టాడు. డొల్లగా మోగింది. అయినా తలూపి, "రోడ్డు వైపే పెట్టండి" అన్నాడు.

ఆ రాయి లాగిన నలభై మందిలో మిగిలింది మేమిద్దరమే. స్తంభం ఆటోలో దిగడం మంచిదే, నడుములు బతుకుతాయి. కాకపోతే దాని కోసం ఊరంతా ఒక తాడు పట్టుకునే పని కూడా దాంతోనే పోయింది. ఇప్పుడు ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే, నేను మాత్రం తలుపులోంచి బయటికి జారుకుని ఆ రేకులు లెక్కపెట్టుకుంటాను. ఎనిమిదోది వినగడపలో ఎవరికైనా దొరికితే, దయచేసి దాచి ఉంచండి.