చురుక్కుమనని నీళ్లు

గీజర్ మెకానిక్ పనయ్యాక నీళ్లలో మోచెయ్యి పెట్టి చూస్తాడు. చురుక్కుమంటేనే ఆ ఇంటి గడప దాటుతాడు. కాయిల్‌కి పట్టిన సున్నాన్ని పాత చెంచాతో గీకుతున్నంతసేపూ, తనని చులకన చేసినవాళ్లని తలుచుకుని పళ్లు నూరుతుంటాడు. పెళ్లిలో "మా బావ బాత్రూముల డాక్టరు!" అని పదిమందినీ నవ్వించిన బావమరిది ఇంట్లో మాత్రం, కొత్త గీజర్ బిగిస్తూ వేడి పెంచే మరని బాగా తగ్గించి మూత వేసేశాడు. ఏడాదిగా అక్కడ గోరువెచ్చటి స్నానాలే. బావమరిది మొత్తుకుంటే "ఆ రకం అంతేరా" అని చల్లగా చెప్పి, ఇంటికొచ్చి పొగలు కక్కే నీళ్లు పోసుకుంటాడు. నిన్న తన బకెట్లో మోచెయ్యి పెడితే చురుక్కుమనలేదు. తలుపవతల నుంచి భార్య అంది: "తమ్ముడింట్లో మూత విప్పి చూశానులెండి. అక్కడ పెంచి, ఇక్కడ తగ్గించాను. ఏడాది దాకా ఇక్కడి మర ముట్టుకున్నారో, ఈసారి పదిమందిలో నవ్వించేది నేనే!"