నైరుతి మూల కన్నం

మా సైన్సు మాస్టారు పోయారని పొద్దున్నే కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ చేతుల్లో సగం పోయిన నెలలో ఆయన మీద వేలెత్తినవే.

రేపల్లెలో నాకు పాఠాలు చెప్పిన ఆయన రిటైరయ్యాక తెనాలి శివారులో మా పక్కింట్లోనే స్థిరపడ్డారు. క్లాసులో ఎవరైనా తొందరపడి జవాబు చెబితే, "ముందు చూడరా, తర్వాత చెబుదువుగాని" అనేవారు. చూడటం తెలిసినవాడు కాబట్టే తన పెరటి గడ్డిలో అడవి బాతు గుడ్లు పెట్టిందని ఆయనకే ముందు తెలిసింది. ఆ రోజు నుంచి మోటారు వేయడం మానేసి, వీధి కుళాయి నుంచి బిందెతో నీళ్ళు మోసుకున్నారు. ఎవరైనా వస్తే నోటి మీద వేలు పెట్టుకుని ఎదురొచ్చేవారు.

నిరుడు కూడా అక్కడే పుట్టిన బాతుపిల్లలు గోడ దాటి వెనకున్న పంటకాలువకు పోలేక పిల్లి పాలయ్యాయి. అందుకని ఈసారి, డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి గునపం పట్టి ప్రహరీకి కన్నం పెట్టారు. అది నైరుతి మూల. ఇంకేం, కాలనీ గుండెలు జారిపోయాయి! అసోసియేషన్ ప్రెసిడెంటు బాపట్ల నుంచి వాస్తు సిద్ధాంతిని కూడా రప్పించాడు.

"దోషం మూలలో లేదయ్యా, నీ బుర్రలో ఉంది" అన్నారు మాస్టారు.

నేను అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు. నా ఇంటి గృహప్రవేశమూ ఆ సిద్ధాంతి చెప్పినట్టే జరిగింది మరి. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

రెండుసార్లు స్టెంట్లు వేసిన గుండె ఆగిపోతే, కారణం గోడ కన్నమట! మాస్టారి ఆత్మశాంతికని చెప్పి, పెద్దకర్మకు ముందు రోజు సాయంత్రం అల్లుడి చేత దాన్ని పూడ్పించారు. బాతు ఇంకా గుడ్ల మీదే ఉంది. నేనప్పుడూ చూస్తూ ఊరుకున్నాను.

మర్నాడు రెండో బంతి భోజనాలు నడుస్తుండగా పిల్లలు గడ్డిలోంచి బయటికొచ్చాయి. తల్లి గోడ అవతలికి ఎగిరి పిలుస్తోంది. తొమ్మిది పిల్లలూ కొత్త ఇటుకలకు కొట్టుకుని వెనక్కి పడుతున్నాయి.

"అబ్బ, ఎంత ముద్దొస్తున్నాయండీ!" అంటూ ప్రెసిడెంటు ఫోను తీశాడు. గోడెక్కిన పిల్లి మాత్రం అతనికి కనబడలేదు.

ఎంగిలి చేత్తోనే లేచి మాస్టారి గునపం అందుకున్నాను.

"ఇవాళేంటండీ ఈ పని! ఆయన ఆత్మకి శాంతుండద్దా?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆత్మ సంగతి ఆయన చూసుకుంటారు గానీ, మీరు కాస్త పక్కకి జరగండి."

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. నాలుగు పోట్లకు ఇటుకలు ఊడిపడ్డాయి. పిల్లలు ఒకదాని వెనక ఒకటి దూరిపోతుంటే, ప్రెసిడెంటు వీడియో సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటున్నాడు.

నేను వెళ్ళి కాలువ గట్టు మీద కూర్చున్నాను. చేతికి అన్నం ఎండిపోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. గుర్రపుడెక్క పక్కగా తల్లి ఈదుతోంది, దాని వెనక తొమ్మిదీ ఉన్నాయి.