తలుపులో ఎర్ర చుక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువు బాగుచేయించినా పక్కన ఒక మనిషి కాపలా కూర్చోవాల్సిందే. అది మా నాయనమ్మ పెట్టిన నియమం. ఆవిడ పుట్టింటివాళ్లు ఇచ్చిన గోడగడియారాన్ని ఎవరో రిపేరుకు తీసుకెళ్లి, లోపలి ఇత్తడి చక్రాలు మార్చేసి పంపాడని ఆవిడ గట్టి నమ్మకం. గడియారం ఆ తర్వాత కూడా సరిగ్గానే నడిచింది. అయినా అది గంట కొట్టినప్పుడల్లా ఆవిడ "ఇది మన గంట కాదు" అనేది. నేను ఆ మాట వింటూ పెరిగాను. మనుషులను ఊరికే నమ్మకపోవడం, ఎవరైనా ఒక మాట అంటే మర్చిపోకపోవడం నాకు అక్కడే అలవాటయ్యాయి. అవి లోపాలని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అంటారు. ఎవరెవరు ఎప్పుడెప్పుడు అన్నారో కూడా నాకు గుర్తుంది.

చిక్కడపల్లిలో మా నాన్నకు టెంట్‌హౌస్ ఉండేది. పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు మోయడానికి ఒక పాత పికప్ బండి. మా దగ్గరికి వచ్చేసరికే దాని సీటు రెక్సిన్ చిరిగి కొబ్బరిపీచు బయటపడింది. అలాంటి బండిలో పాటలు పెట్టించాలని నాన్నకు ఎందుకనిపించిందో తెలియదు. ఒకరోజు కోఠీ వెళ్లి క్యాసెట్ స్టీరియో, రెండు స్పీకర్లు కొనుక్కొచ్చాడు.

వాటిని బిగించడానికి నారాయణగూడ నుంచి ఒకతను వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. అంతవరకు ఇంకొకరి దుకాణంలో పనిచేసి, నెల క్రితమే సొంతంగా ఒక చిన్న డబ్బా కొట్టు పెట్టుకున్నాడు. మా గల్లీలో మాది కాక ఇంకో నాలుగు టెంట్‌హౌస్ బండ్లున్నాయి. మా బండిలో పాట బాగా పలికితే ఆ నాలుగూ నీ దగ్గరికే పంపిస్తానని నాన్న మాటిచ్చాడు. పలకకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. చెప్పనవసరం లేదు. మా గల్లీలో పొద్దున ఒకరి నోట పడిన మాట సాయంత్రానికి అన్ని గడపలూ తొక్కేది. కొత్తగా డబ్బా పెట్టుకున్నవాడికి అది తెలియకుండా ఉండదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాయనమ్మ నన్ను బండి పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టింది. వెళ్తూ వెళ్తూ చెవిలో చెప్పింది: "వాని చేతులు చూడు బిడ్డా, ముఖం చూడకు. ముఖం చూస్తే మంచోడే అనిపిస్తడు."

నేను చేతులే చూశాను. కాసేపటికి అతను తలెత్తి, "ఏందన్నా, పోలీసమ్మను కావలి పెట్టిన్రా?" అన్నాడు. మా నాన్న నవ్వాడు. గల్లీలో పోతున్న ఇద్దరు కూడా నవ్వారు. మా నాన్న నవ్వినందుకు నాకు ఎక్కువ బాధేసింది. ఆ క్షణం నుంచి అతను దొంగేనని తేల్చుకున్నాను.

అతను తలుపుల లోపలి అట్టలు ఊడదీసి, గుండ్రంగా కోశాడు. తర్వాత రెండు స్పీకర్లనూ ఒళ్లో పెట్టుకుని ఒక వింత పని చేశాడు. జేబులోంచి చిన్న పెన్సిల్ సెల్లు తీసి, రెండు వైర్ ముక్కలతో స్పీకర్ వెనకున్న రెండు రేకులకు తాకించాడు. టప్‌మని చప్పుడొచ్చింది. స్పీకర్ మధ్యలోని నల్ల కాగితం వైపు చూసి, తల ఊపి, ఒక రేకు పక్కన ఎర్ర పెయింటుతో చుక్క పెట్టాడు. రెండో స్పీకరుకూ అంతే. ఎందుకని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. పెయింటు ఆరేలోపు చాయ్ తాగొస్తానని సందు చివరి హోటలుకు వెళ్లాడు.

నేను పరుగున వెళ్లి నాయనమ్మకు చెప్పాను. ఆవిడకు ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. మన సరుకు ఏదో గుర్తుపట్టడానికే వాడు చుక్కలు పెట్టుకున్నాడని, తర్వాత తన సంచిలోని పాత స్పీకర్లు తీసి వీటి స్థానంలో బిగిస్తాడని చెప్పింది. మన గుర్తు మనం పెట్టుకోవాలంది.

మా మేనత్త ఎర్ర నెయిల్ పాలిష్ సీసా తీసుకుని బండి దగ్గరికి వచ్చాను. మొదటి స్పీకర్ మీద అతని చుక్కను నా గౌను అంచుతో తుడిచేశాను. అదే చోట నాది పెడితే తనదే అనుకుంటాడని, తెలివిగా రెండో రేకు పక్కన పెట్టాను. రెండో స్పీకర్ చేతిలోకి తీసుకునేసరికి చెప్పుల చప్పుడు వినిపించింది. సీసా దాచుకుని స్టూలెక్కి కూర్చున్నాను.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. నాన్న ముందు సీట్లో కూర్చుని క్యాసెట్ పెట్టాడు. పాట వచ్చింది కానీ అందులో డప్పు లేదు. గొంతు కూడా ఎక్కడో ఖాళీ డ్రమ్ములోంచి పాడుతున్నట్టుంది. మా ఇంట్లోని పాత రేడియో ఇంతకంటే నయం. పక్క టెంట్‌హౌస్‌వాళ్లు చూడటానికొచ్చి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఏదైనా అన్నా బాగుండేది.

బిగించినతను స్టీరియో మీది ఒక మీట అటూ ఇటూ తిప్పాడు. ఎడమ తలుపు ఒక్కటే మోగితే బాగుంది. కుడిది ఒక్కటే మోగినా బాగుంది.

"అన్నా, ఒక్కొక్కటి మంచిగనే పలుకుతున్నది. రెండు కలిస్తేనే బలం పోతున్నది. నేను చూసే పెట్టిన మరి. జర తలుపు విప్పనియ్యి."

"విప్పుడు కాదు, నా స్పీకర్లు ఏడవెట్టినవో చెప్పు" అన్నాడు నాన్న. అంతకుముందే నాయనమ్మ ఆయనతో మాట్లాడి వచ్చింది. ఇప్పుడు గుమ్మంలో నిలబడి, "మా గుర్తు ఉన్నది లోపట. విప్పిస్తే తెలుస్తది" అంది.

అతని ముఖం నల్లబడింది. స్క్రూలు ఒక్కొక్కటిగా విప్పి అరచేతిలో పోగుచేసుకున్నాడు. నేను అప్పుడు కూడా చేతులే చూస్తున్నాను.

తలుపు అట్ట ఊడింది. స్పీకర్ మాదే. నా చుక్క నిగనిగలాడుతోంది. అతను దాన్ని చూశాడు. బొటనవేలి గోటితో గీకాడు, వాసన చూశాడు. తర్వాత నెమ్మదిగా నా గౌను అంచు వైపు చూశాడు. అక్కడ అతని పెయింటు ఉంది.

నేను ఆ అంచును గుప్పిట్లో ముడిచి పట్టుకున్నాను. అతను మాత్రం జేబులోంచి ఆ పెన్సిల్ సెల్లు తీసి నా చేతిలో పెట్టాడు. చుక్క ఉన్న రేకుకు సెల్లు బొడిపె వైపు వైరు, రెండో రేకుకు రెండో వైరు తాకించమన్నాడు. తాకించాను. నల్ల కాగితం లోపలికి పోయింది. రెండో తలుపు కూడా విప్పి అక్కడా తాకించమన్నాడు. అక్కడ కాగితం బయటికి వచ్చింది.

"చుక్క చూసే వైర్లు కలిపిన. ఒకటి ముంగటికి తోస్తుంటే ఇంకోటి ఎనకకు గుంజుతున్నది. రెండు మంచివే. కలిసి పనిచేస్తలేవు, గంతే" అన్నాడు. మొదటిదాని వైర్లు అటుదిటు మార్చాడు. పాట మళ్లీ పెడితే డప్పు నా పొట్టలో మోగింది.

అప్పుడు నాన్న వైపు తిరిగి, "నాదే పొరపాటన్నా, చుక్క తప్పు పెట్టిన" అన్నాడు.

నాన్న కోపం తగ్గింది కానీ తీరలేదు. "మొదటి పనికే గిట్లయితే ఆ నలుగురికి నేనేం చెప్పాలె?" అన్నాడు. అతను పనిముట్లు గుడ్డలో చుట్టుకుంటున్నాడు.

నేను మంచిదాన్ని కాబట్టి నోరు విప్పానని చెప్పుకోను. నన్ను పోలీసమ్మ అని నవ్వినవాడు ఇప్పుడు నా తప్పు తన నెత్తిన వేసుకుని పోతున్నాడు. అది నాకు పొద్దున్నటి నవ్వుకంటే పెద్ద అవమానంగా తోచింది. స్టూలు దిగి అన్నాను: "నాయినా, ఈయన అబద్ధం చెప్తుండు. ఆ చుక్క నేను పెట్టిన. ఆయనది నేనే తుడిచిన."

నాన్న పాట ఆపేశాడు. నాయనమ్మ మాత్రం ఓటమి ఒప్పుకోకుండా, "ఎందుకు పెడుతున్నవో చెప్పి పెట్టాలె గదా కొడుకా" అంది.

"నిజమే అమ్మా" అన్నాడతను. "నేను చెప్పలే. పాప అడగలే."

ఆ సాయంత్రం నాన్న ఆ నాలుగు ఇళ్లకూ వెళ్లాడు. నన్నూ వెంట తీసుకెళ్లాడు. ప్రతి గడప దగ్గరా జరిగింది చెప్పించాడు. నాలుగు చోట్లా నవ్వారు. నాలుగు నవ్వులూ గుర్తున్నాయి. నాలుగు బండ్లూ అతని దగ్గరికే వెళ్లాయి. నాయనమ్మ మాత్రం చివరిదాకా గడియారం గంట మనది కాదనే అంది.

ఇప్పుడు అశోక్ నగర్‌లో ఉంటున్నాను. పరీక్షలకు చదువుకునే పిల్లలకు పై గదులు కిరాయికి ఇస్తాను. నా అనుమానం తగ్గలేదు. వాళ్లనడగండి, చెబుతారు. మొన్న మా తమ్ముడి కొడుకు ఒక పాత పికప్ కొని, స్టీరియో పెట్టించడానికి మా ఇంటి ముందే ఆపాడు. కుర్చీ వేయించుకుని ఫిట్టర్ చేతులు చూస్తూ కూర్చున్నాను. అతను విసుక్కుంటూనే ఉన్నాడు. సెల్లు పెట్టి చూడమన్నాను. ఇప్పుడెవరూ అలా చూడరన్నాడు. అయినా చూడమన్నాను. కాగితం బయటికి వచ్చింది.

నా చేతిలో నెయిల్ పాలిష్ సీసా ఉంది. మూత తీసి, స్పీకర్ దగ్గరికి వంగి, అతన్నే అడిగాను: "చుక్క ఏ పక్క పెట్టాలె నాయినా?"